పేజీలో రాసిన దుబాయ్ టైం

ఇది 2022 నాటి సంగతి. కోరుట్ల బస్టాండు దగ్గర ఒక మొబైల్ షాపు మీది గదిలో నేను దుకాణం పెట్టి అప్పటికి ఆరేళ్లు. దుకాణం అంటే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మూడు కెమెరాలు, గోడకు ఒక పెద్ద గడియారం. పెళ్లిళ్లకు ఆన్‌లైన్ పేజీలు చేయడం నా పని. పెళ్లిపత్రిక, ఫోటోలు, ఫంక్షన్ హాలుకు దారి, పెళ్లినాడు చూడటానికి లైవ్ లింకు అన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. దాన్ని వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపుకుంటారు. ఇది కూడా ఒక పనేనా అని మొదట్లో మా మామ నవ్వేవాడు. తర్వాత తన కొడుకు పెళ్లికి నా చేతే చేయించుకున్నాడు, అది వేరే మాట.

నా సొంతూరు సిరిసిల్ల. మా నాయన ముప్పై ఏళ్లకు పైగా సాంచ నడిపాడు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచ అంటారు. నాకు ఆ చప్పుడు పడక కంప్యూటర్ నేర్చుకుని, పెళ్లయ్యాక అత్తగారి ఊరు కోరుట్లకు వచ్చేశాను.

ఈ చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా సగం చుట్టాలు బయటి దేశాల్లోనే ఉంటారు. సౌదీకి పోయినా, మస్కట్‌కు పోయినా, ఖతర్‌కు పోయినా ఇక్కడ అందరూ "దుబాయ్ పోయిండు" అనే అంటారు. అందుకే నా పేజీలో ముహూర్తం కింద "దుబాయ్ టైం" అని ఒక బటన్ పెట్టాను. అది నొక్కితే దేశాల పట్టీ వస్తుంది. ఎవరి దేశం వాళ్లు నొక్కుకుంటే ముహూర్తం అక్కడి గడియారంలో ఎన్నింటికో కనిపిస్తుంది. ఫోన్‌లోని టైం చూసుకుని పేజీయే తనంతట తాను లెక్కగట్టేలా కూడా చేయొచ్చు. కానీ గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఇండియా టైమే ఉంచుకుంటారు. అందుకని పట్టీయే మేలనుకున్నాను.

ఆ పట్టీ వెనక నేను ఏం రాశానో చెప్పాలి. ప్రతి దేశం పేరు పక్కన ఒక అంకె రాశాను. దుబాయ్‌కి గంటన్నర, సౌదీకి రెండున్నర. మన టైంలోంచి అంత తీసేస్తే అక్కడి టైం వస్తుంది. ఆ తేడాను మా పనిలో ఆఫ్‌సెట్ అంటాం. నిజానికి అంకె రాయకూడదు, టైం జోన్ పేరు రాయాలి. కొన్ని దేశాల్లో ఎండాకాలం ముందు గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు, చలికాలం ముందు మళ్లీ వెనక్కి తిప్పుతారు. దానికి డేలైట్ సేవింగ్ టైం అని పేరు. ఏ దేశం ఏ రోజున తిప్పుతుందో అంతా రాసిపెట్టిన జాబితా ఒకటి కంప్యూటర్లలో ఉంటుంది. జోన్ పేరు ఇస్తే ఆ జాబితా చూసి, పెళ్లి రోజున అక్కడ ఎంత టైమో అదే చెబుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. గల్ఫ్‌లో గడియారం తిప్పరు కదా, మనకెందుకు ఆ తంటా అనుకున్నాను. ఆరేళ్లు నా అంకెలు ఒక్కసారి కూడా తప్పలేదు. దాంతో నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది.

ఆ సంవత్సరం సెప్టెంబర్‌లో మా కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊరి నుంచి రాజాగౌడ్, ఆయన బిడ్డ మౌనిక నా దుకాణానికి వచ్చారు. ఆయన కల్లు గీస్తాడు. పెళ్లి డిసెంబర్ మొదటి వారంలో, జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో. మొదటి పత్రిక కొండగట్టు అంజన్న గుడిలో దేవుడి దగ్గర పెట్టి నేరుగా నా దగ్గరికే వచ్చారు. మౌనిక తల్లి గంగజల సైప్రస్‌లో ఉందని, ఒక ముసలావిడకు సేవ చేసే పనిలో ఉందని చెప్పారు. ఆమెకు కొత్త వీసా ఇక ఇవ్వరట, ఆ ముసలావిడ దగ్గర పనిచేసినన్నాళ్లే ఉండనిస్తారట. ఆ దేశం దాటి వస్తే మళ్లీ రానివ్వరు. అందుకని బిడ్డ పెళ్లికి రావడానికి వీల్లేదు.

"మా అమ్మ చూసుడే ముఖ్యం అన్నా. మిగిలిందంత ఎట్లున్నా మంచిదే," అంది మౌనిక.

అక్కడే వీడియో కాల్ చేశారు. నలభై దాటిన మనిషి, ముఖం నిండా నవ్వు. నన్ను చూడగానే తమ్ముడూ అని పిలిచింది. తోడబుట్టినవాళ్లలా పలకరించేసరికి నేను కూడా అక్కా అన్నాను, రాజాగౌడ్‌ను బావా అన్నాను.

"అక్కా, ఇప్పుడు మీ దగ్గర టైం ఎంతయ్యింది?" అని అడిగాను.

చెప్పింది. గోడ గడియారం చూశాను. సరిగ్గా రెండున్నర గంటల తేడా. అచ్చం సౌదీ లెక్కే. పట్టీలో సౌదీ కింద సైప్రస్ అని రాసి, పక్కన అదే అంకె వేశాను. నిమిషం పట్టలేదు.

అప్పుడే ఆమె అడిగింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"తమ్ముడూ, చలికాలం వస్తే ఈడ గడియారం గంట వెనుకకు తిప్పుతరు. నీ దాంట్ల అది చూస్కుంటదా?"

"అంత కంప్యూటరే చూస్కుంటదక్కా. నువ్వు లెక్కలు వెయ్యకు. పేజీల ఏది ఉంటే అదే టైం," అన్నాను.

అలా ఎందుకన్నాను? ఎదురుగా కస్టమర్లు కూర్చున్నారు. తెలియదు, చూసి చెప్తా అంటే చిన్నతనం అనిపించింది. తర్వాత చూద్దాంలే అని మనసులో ఒక మూల అనుకున్నాను కూడా. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యాక ఆ మూలకు మళ్లీ పోలేదు.

జీలకర్ర బెల్లం ముహూర్తం పగలు పదకొండు గంటల పది నిమిషాలకు. నా పేజీలో సైప్రస్ నొక్కితే ఉదయం ఎనిమిది నలభై అని కనిపించేది. గంగజల ఆ పేజీని ముసలావిడ కూతురికి చూపించి, ఎనిమిదింబావు నుంచి గంటన్నర సేపు ఆవిడ వచ్చి తల్లి దగ్గర కూర్చునేలా మాట తీసుకుంది. కన్యాదానం దగ్గరి నుంచి చూడాలని ఆమె ఆశ. అక్టోబర్ ఆఖరి ఆదివారం సైప్రస్‌లో గడియారం గంట వెనక్కి జరిగింది. తేడా మూడున్నర గంటలయింది. నా పేజీలో అంకె మాత్రం రెండున్నరగానే ఉంది.

పెళ్లినాడు మండపం పక్కన ఒక పెద్ద టీవీ పెట్టించాను. పెళ్లికూతురు తల తిప్పితే తల్లి ముఖం కనిపించాలని అలా కుదిర్చాను. లాప్‌టాప్ దగ్గర నేనే కూర్చున్నాను. పావు తక్కువ పదకొండు నుంచి కాల్ చేస్తున్నాం. రింగ్ అవుతోంది కానీ ఎత్తడం లేదు. మౌనిక చేసింది, రాజాగౌడ్ చేశాడు, గంగజల చెల్లెలు చేసింది. పనిలో ఉన్నప్పుడు ఆమె ఫోన్ ముట్టుకోకూడదట. ఆ సమయంలో ముసలావిడకు స్నానం చేయిస్తోందని తర్వాత తెలిసింది.

భార్య లేకుండా రాజాగౌడ్ పీటల మీద కూర్చోవడానికి లేదు కాబట్టి కన్యాదానం గంగజల చెల్లెలూ ఆమె భర్తా చేశారు. పెళ్లికూతురు మాటిమాటికీ టీవీ వైపు చూసింది. అందులో నల్లటి తెర తప్ప ఏమీ లేదు. ఐదు నిమిషాలు ఆగండి అని రాజాగౌడ్ పెళ్లి చేయించే అయ్యగారిని బతిమాలాడు. ముహూర్తం దాటిపోతుంది, ఆగేది లేదన్నాడాయన. జీలకర్ర బెల్లం పెట్టారు. తాళి కట్టారు. తలంబ్రాలు కూడా అయిపోయాయి.

పదకొండు ముప్పావుకు తెర వెలిగింది. గంగజల ఎర్ర పట్టుచీర కట్టుకుని, తలలో ఏవో తెల్లపూలు పెట్టుకుని, చేతిలో అక్షింతలు పట్టుకుని కూర్చుంది. ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

"ఇంక ఇరువై అయిదు నిమిషాలున్నది గదా, గప్పుడే కూసోబెట్టిన్రా?" అంది నవ్వుతూ.

ఆమె కళ్లు బిడ్డ మెడ మీద పడ్డాయి. అక్షింతలు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

రాజాగౌడ్ అప్పటిదాకా దిగమింగుకున్నదంతా బయటికొచ్చింది. "ఎన్నిసార్లు చేసిన్రు ఫోను? ఒక్క బిడ్డ పెండ్లికన్న టైముకు ఉండవా? నీకు ఆ ముసల్దే ఎక్కువైందా?" అని మైకుల పక్కనే అరిచాడు. హాలు సగం ఇటు తిరిగి చూసింది.

"నీ పేజీల ఎనిమిది నలుభై అనే ఉన్నది గదా తమ్ముడూ?" అని ఆమె నన్ను అడిగింది.

నేను పేజీ తెరిచాను. ఎనిమిది నలభై. ఆ అంకె చూడగానే ఏం జరిగిందో అర్థమైంది. తప్పు నాది బావా, ఆమెను అనకు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. అన్ని కళ్లు నా మీదికి తిరుగుతాయని భయపడ్డాను. నెట్ చూస్తున్నట్టు తల వంచుకుని వైరు తీసి మళ్లీ పెట్టాను. తెర మీద ఆమె, "నాదే తప్పు, నేనే టైం తప్పు చూస్కున్న, మాఫ్ చెయ్యున్రి" అని బిడ్డకూ అల్లుడికీ చేతులు జోడించింది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. పెళ్లి వీడియో ఆమెకు పంపి, నాలుగో రోజు సిరిసిల్లకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. మా నాయనకు విషయం చెప్పాను. ఆయనకు కంప్యూటర్ గురించి తెలియదు, అంకెలూ జోన్లూ పట్టించుకోలేదు. సాంచ మీద పోగు తెగినప్పుడు చూసుకోకపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. ఆ గీత కనబడకుండా మడత పెట్టి ఇచ్చేవాళ్లుండేవారు. మా నాయన మాత్రం తనే గుడ్డ విప్పి సాంచల యజమాని అయిన ఆసామికి చూపించేవాడు.

"ఆమెకు చెప్పినవా?" అని అడిగాడు.

"లేదు నాయనా."

"మరి గీడెందుకు కూసున్నవ్?"

అక్కడి నుంచే రాజాగౌడ్ ఊరికి బండి తీశాను.

రాజాగౌడ్ ఇంటి ముందు తాడిచెట్టు ఎక్కే మోకు బాగుచేసుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. సెప్టెంబర్‌లో ఆమె అడిగింది, నేను చెప్పింది, పెళ్లినాడు నోరు మూసుకున్నది, ఏదీ దాచలేదు. నాలుగు తన్నినా పడదామనుకునే పోయాను. ఆయన మోకు పక్కన పెట్టాడు.

"నాతోని ఆమెను తిట్టిపిచ్చినవ్ తమ్మీ," అన్నాడు.

ఆయనే ఫోన్ తీసి భార్యకు కలిపి నా చేతికిచ్చాడు. పెళ్లినాడు మొదలు ఆయన ఆమెతో సరిగా మాట్లాడలేదట.

గంగజల అంతా విన్నది. చివరికి, "నేను అడిగిన గదా తమ్ముడూ," అంది.

"అడిగినవక్కా."

"చేతి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే ఏడు నలుభై అచ్చింది. మల్ల నీ పేజీ చూస్తే ఎనిమిది నలుభై. నాది సదువురాని లెక్క, కంప్యూటర్ తప్పు జెప్పదు గదా అనుకున్న. లేకుంటే ముసలమ్మ బిడ్డను గంట ముంగట రమ్మని అడిగేదాన్ని. ఆమె అచ్చేది."

ఏడ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెళ్లి వీడియో పంపాను కదా అక్కా, చూశావా అని తెలివితక్కువగా అడిగాను. తర్వాత చూస్తానంది. తర్వాత ఫోన్ రాజాగౌడ్ తీసుకున్నాడు. ఇంటి వెనక్కి పోయి ఆమెతో చాలాసేపు మాట్లాడాడు. నేను ఎదురుచూడకుండా వచ్చేశాను.

పేజీ బాగుచేయడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. అంకెలన్నీ తీసేసి జోన్ పేర్లు పెట్టాను. "దుబాయ్ టైం" అన్న బటన్ తీసి, "మీరున్న దేశం" అని రాశాను. ఇప్పుడు ప్రతి పెళ్లికీ వారం ముందు, బయట ఉన్న ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి అక్కడి టైం అడిగి సరిచూస్తాను. మా ఆవిడ దీన్ని నా పిచ్చి అంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగితే జోన్ల గురించి చెబుతాను. కానీ నేను నేర్చుకున్నది ఎక్కువగా దాని గురించి కాదు. కస్టమర్ ఒక అనుమానం అడిగితే అది ఆమె బతుకులోంచి వచ్చిన అనుమానం. ఆ దేశంలో ఉన్నది ఆమె, గడియారం తిప్పుకునేది ఆమె. నేను కోరుట్లలో కూర్చుని ఆమెకు ధీమా ఇచ్చాను. ఇప్పుడు ఎవరు ఏం అడిగినా, తెలిసిన సంగతైనా సరే, తెరిచి చూడకుండా జవాబు చెప్పను.

గంగజల ఇంకా అక్కడే ఉంది. మౌనికకు ఒక కొడుకు పుట్టాడు. పెళ్లి వీడియో తల్లి చూసిందో లేదో బిడ్డకు కూడా తెలియదట, నేను మళ్లీ అడగలేదు. కానీ ఏటా అక్టోబర్ ఆఖరి ఆదివారం పొద్దున నా ఫోన్‌కు ఆమె నుంచి ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. అందులో కోపం ఉండదు, ఎత్తిపొడుపు ఉండదు.

"తమ్ముడూ, ఇయ్యాల ఈడ గంట వెనుకకు తిప్పిన్రు. నీ దాంట్ల చూస్కో."

పేజీ సరిగానే ఉందని తెలుసు. అయినా తెరుస్తాను, సైప్రస్ నొక్కుతాను, గోడ గడియారంతో పోల్చుకుంటాను. తర్వాత, "చూసిన అక్కా" అని పంపిస్తాను. ఆ సెప్టెంబర్‌లో నిజంగా చూసి చెప్పాల్సిన మాట అదే.