తాతయ్య ఆడిట్ చేసిన పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు మా తాతయ్య విచారణకి నిలబడాల్సిందే. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగాన్ని వదిలినా, అనుమానం ఆయన్ని వదల్లేదు. కొత్త కుక్కర్ వస్తే దాని కూత మీద అనుమానం, కొత్త పాలబూత్ తెరిస్తే పాల చిక్కదనం మీద అనుమానం. దేశ రాజధానిలో మయూర్ విహార్‌లో మా ఫ్లాట్ తలుపుకున్న చిన్న కంతలోంచి చూసి, వచ్చిందెవరో గుర్తుపట్టాక కూడా "కౌన్?" అని అడిగి గానీ గొలుసు తీసేవారు కాదు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో అది కులదైవం. నాకూ ఆ రక్తమే వచ్చింది. ఈ రోజుకీ లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని యంత్రం చెబితే, మూసుకున్నాయని నా కళ్ళతో చూసి గానీ నమ్మను.

అలాంటి తాతయ్య కంప్యూటర్ ముందు కూర్చోవడం నేర్చుకున్నారంటే దానికి కారణం మా నాయనమ్మ. నాయనమ్మ బోలెడు పాటలు పాడేది. పెళ్ళి పాటలు, జోల పాటలు, కూర తరుగుతూ పాడుకునేవి, పేరంటాల్లో పదిమందీ కలిసి పాడేవి. ఒక్కటీ రాసిపెట్టుకోలేదు. ఆవిడ పోయిన ఏడాదిలోనే నాన్న ఇంటికి కంప్యూటర్ తెచ్చారు. తెలుగు సంఘంలో ఉండే ఒక పెద్దాయన అందులో తెలుగు అక్షరాలు వచ్చే ఏర్పాటు చేసి వెళ్ళారు. అంతే, తాతయ్య తనకి గుర్తున్న పాటలన్నీ ఒంటి వేలితో టైప్ చెయ్యడం మొదలుపెట్టారు. నాయనమ్మ సంవత్సరీకానికి వచ్చే బంధువులందరికీ తలొక ప్రతి ఇవ్వాలని ఆయన కోరిక. ఆవిడ గొంతు ఎలాగూ లేదు, ఆవిడ మాటలైనా మిగలాలి కదా అనేవారు.

ఆ పాత సిస్టమ్ అంటే ఆయనకి గౌరవం ఉండేది. నల్లటి తెర, దాని మీద ఒక గీత మినుకుమినుకుమంటూ ఉండేది. మనం ఆజ్ఞ టైప్ చేస్తే ఆ పని చేసేది, లేకపోతే నోరు మూసుకుని కూర్చునేది. తన కింద పనిచేసిన గుమాస్తాలకన్నా ఇది వెయ్యి రెట్లు నయమని తాతయ్య అనేవారు. టైప్ చేసిన పాటల్ని ఫ్లాపీల్లోకి ఎక్కించి, ఆ ఫ్లాపీల్ని స్టీలు డబ్బాలో పెట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు కూడా వేసేవారు. మా కంప్యూటర్ గదిలోకి వెళ్తే బీరువా తెరిచినట్టు వాసన వచ్చేది.

ఒకరోజు తాతయ్య పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళ్ళినప్పుడు నాన్న లక్ష్మీనగర్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించారు. నాన్న ఆఫీసులో అందరికీ కొత్త సిస్టమ్ వచ్చేసింది, ఇంట్లో కూడా అదే ఉంటే గానీ పని సాగదు. అది పెట్టించమని సలహా ఇచ్చింది పక్కింటి అక్క. అక్కది వరంగల్లు. నోయిడాలో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ వాళ్ళ మామయ్యగారింట్లో ఉండేది. తాతయ్య తిరిగొచ్చేసరికి నల్ల తెర మాయమై ఆకుపచ్చ తెర మీద బొమ్మలు కూర్చుని ఉన్నాయి. మెకానిక్ చేతులు దులుపుకుంటూ "అంకుల్‌జీ, సబ్ నయా కర్ దియా" అని, అంతా కొత్తది చేసేశానన్నాడు. తాతయ్య చెప్పులైనా విప్పకుండా "అచ్ఛా, ఔర్ పురానా కహాఁ గయా?" అని, పాతదెక్కడికి పోయిందో అడిగారు. మెకానిక్ నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు తాతయ్యకి అస్సలు నచ్చలేదు.

ఆ వారమంతా మా ఇంట్లో విచారణ జరిగింది. మెషీన్ ఆపాలంటే 'స్టార్ట్' నొక్కాలని నాన్న చెబితే, తాతయ్య చాలాసేపు నాన్న ముఖం చూసి, ఇలా రాసిన ఆఫీసు ఉత్తర్వు ఏదైనా తన టేబుల్ మీదకి వచ్చుంటే ఎవరి ఉద్యోగం ఊడేదో ఆలోచించుకోమన్నారు. చెత్తబుట్టలో వేసిన కాగితం మళ్ళీ తీసుకోవచ్చట. అలాంటి చెత్తబుట్టని ఏ బుద్ధున్నవాడు నమ్ముతాడని అడిగారు. ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూ కూర్చుంటే, లోపల ఏం మంతనాలు జరుగుతున్నాయో అని కళ్ళజోడు సవరించుకుని మరీ చూసేవారు. మౌస్‌ని మాత్రం చేత్తో తాకకుండా, పక్కన కూర్చున్న నాకు ఎటు జరపాలో చెప్పేవారు. కొత్త సిస్టమ్‌లో ఆయనకి నచ్చింది ఒక్కటే. ఏదైనా చెరిపేయబోతే 'నిజంగానే చెరపమంటారా' అని అది మనల్ని అడిగేది. "ఈ ఒక్కటీ ఆడిట్ తెలిసినవాడు పెట్టుంటాడు" అన్నారు.

ఆ విచారణ మధ్యలోనే ఒకరోజు ఫ్లాపీ పెట్టి నాయనమ్మ పాట తెరిచాం. తెర నిండా పిచ్చి గుర్తులు. తల మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, విరిగిన గీతలు. ఇంకో పాట తెరిస్తే అదీ అంతే. అన్నీ అంతే. ఒక్క తెలుగక్షరం లేదు.

తాతయ్య కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ గుర్తులకేసి చూస్తూ ఉండిపోయారు. నాయనమ్మ పోయిన రోజు కూడా ఆయన్ని అలా చూడలేదు. అప్పుడు వచ్చేపోయే జనం, చెయ్యాల్సిన పనులు ఉన్నాయి. ఇప్పుడు ఆ తెర తప్ప ఏమీ లేదు. సంవత్సరీకం దగ్గరపడుతోంది. మళ్ళీ మొదటినుంచీ టైప్ చెయ్యడానికి ఆయనకి వ్యవధి లేదు, రాసిన పాటలన్నీ మళ్ళీ గుర్తొస్తాయన్న ధైర్యం కూడా లేదు. తెలుగు అక్షరాలు పెట్టిన పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఆయన కూతురి పురిటికి నెల్లూరు వెళ్ళారట.

రెండో రోజుకి తాతయ్య నేరస్తుల్ని నిర్ణయించేశారు. మొదటి ముద్దాయి మెకానిక్, రెండో ముద్దాయి పక్కింటి అక్క. ఆ పిల్ల కంపెనీ మనిషి, పాతవి పాడైతేనే వాళ్ళకి కొత్తవి అమ్ముడుపోతాయి, ఇదంతా చాప కింద నీరులా జరిగిన పని అని అమ్మకి వినబడేలా నాతో అన్నారు. నేను నమ్మాను. అంతకుముందు అక్క ఇచ్చిన చాక్లెట్ కూడా తినకుండా దాచి పెట్టాను.

ఆదివారం పొద్దున్నే అక్కే వచ్చింది. నాన్న చెప్పినట్టున్నారు. తాతయ్య గొలుసు తియ్యడానికే చాలాసేపు పట్టింది. అక్షరాలు ఎక్కడికీ పోలేదని, వాటిని చూపించే సరుకు ఈ కొత్త సిస్టమ్‌లో లేదు గనక అలా కనబడుతున్నాయని అక్క చెప్పింది. తాతయ్య ఊఁ కొట్టారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, మాటలకి పడతారా? రుజువేమిటని అడిగారు.

అక్క కాసేపు ఆలోచించి తాతయ్యని పది నిమిషాలు హాల్లో కూర్చోమంది. ఆయన లేచే ముందు నా చెవిలో, ఆ అమ్మాయి ఏం చేస్తోందో కళ్ళార్పకుండా చూడమని చెప్పి వెళ్ళారు. నేను కాపలా కూర్చున్నాను. కాపలావాణ్ణే దొంగతనానికి పిలిచినట్టు, అక్క కీబోర్డు నా ముందుకి జరిపి, ఇష్టమొచ్చినట్టు కొట్టమంది. ఎవరూ తిట్టకుండా కీబోర్డు బాదే అవకాశం మళ్ళీ వస్తుందా? రెండు చేతులతో బాదాను. అక్క ఆ చెత్తని పాటలాగే వరుసలు వరుసలుగా విరిచి, మా కరకర ప్రింటర్ మీద అచ్చు తీసింది. తరవాత నాయనమ్మ పాటని కూడా ఆ పిచ్చి గుర్తులతోనే అచ్చు తీసింది. రెండు కాగితాలూ తీసుకెళ్ళి తాతయ్య ఒళ్ళో పెట్టింది.

"ఒకటి నాయనమ్మ పాట తాతా, ఇంకోటి ఈ పోరి కొట్టింది. ఏది ఏందో మీరే చెప్పుండ్రి" అంది.

తాతయ్య ముందు రెండు కాగితాల్నీ అనుమానంగా చూశారు. తరవాత లోపలికెళ్ళి ఆఫీసు రోజుల్లో టిక్కులు పెట్టిన ఎర్ర పెన్సిల్ తెచ్చుకున్నారు. నేను కొట్టిన కాగితం మీద పెన్సిల్ అటూ ఇటూ తిరిగింది గానీ ఎక్కడా ఆగలేదు. రెండో కాగితం మీద మొదటి వరుస చివర ఆగింది. రెండో వరుస చివర ఆగింది. ప్రతి వరుస చివరా అవే గుర్తులు, అదే క్రమంలో ఉన్నాయి. ఆయన ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్ళారు.

"ఇది 'చెల్లెలా' అన్న మాట" అన్నారు.

అది కొత్తగా కాపురానికి వెళ్ళిన చెల్లెల్ని తోడబుట్టిన అక్క పరామర్శించే పాట. ప్రతి వరుసా 'చెల్లెలా' అన్న మాటతో ముగుస్తుంది. నాయనమ్మ ఎక్కడికీ పోలేదన్నంత సంతోషం ఆయన ముఖంలో కనబడింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది కంప్యూటర్ కథే అయ్యేది. కానీ ఆయన ఆడిటరు, చివరి వరుసదాకా చూడకుండా సంతకం పెట్టరు. ఆఖరి చరణం దగ్గర పెన్సిల్ మళ్ళీ ఆగింది. అన్ని చరణాలకీ నాలుగేసి వరుసలున్నాయి, దానికి మూడే.

ఒక వరుస తినేశారని ఆయన అక్కకేసి చూశారు. అక్క నవ్వలేదు. "మిషన్ తినేదుంటే అక్కడో ముక్క ఇక్కడో ముక్క తింటది గని, గింత శుభ్రంగ ఒక్క వరుస తింటదా తాతా?" అంది. తాతయ్య కళ్ళు మూసుకుని ఆఖరి చరణం పాడుకున్నారు.

అత్తకు వడ్డిస్తివి చెల్లెలా
మామకు వడ్డిస్తివి చెల్లెలా
అందరూ తిని లేచిరి చెల్లెలా

అక్కడ ఆగిపోయారు. మళ్ళీ పాడి మళ్ళీ అక్కడే ఆగారు. తను టైప్ చేసిందే అంత. తెలుగులో ఎన్నిసార్లు చదువుకున్నా రాగం పట్టుకుని దాటిపోయారు తప్ప, లోటు కనబడలేదు. అర్థంకాని గుర్తులుగా మారాకే అది కనబడింది. నాయనమ్మ కూడా సరిగ్గా అక్కడే ఆపేసి, దగ్గు వచ్చిందనో గొంతు పట్టేసిందనో అనేదని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. పమిట చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆ పిల్లనేమీ అనకండి మామయ్యగారూ. ఆ వరుస అత్తయ్యగారు హాల్లో పాడేవారు కాదు" అంది.

తాతయ్య తనకి చెప్పమని అడిగారు. మా అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు, పాడుతుందని కూడా తెలియదు. గోడకేసి చూస్తూ, నాయనమ్మ ఆనవాలు ఉన్న గొంతుతో పాడింది.

నువ్వు తింటివా అని ఎవరడిగిరే చెల్లెలా

తాతయ్య ఆ కాగితం మడవబోయి మడవలేకపోయారు. ఇన్నేళ్ళూ ఆయన ఆ పాట విన్నారు, మెచ్చుకున్నారు, పేరంటాల్లో అడిగి మరీ పాడించుకున్నారు. అసలు మాట మాత్రం ఆయన చెవిన పడనివ్వలేదు ఆవిడ. సిస్టమ్ మారినందుకు దొంగెవరా అని అన్ని రోజులు వెతికిన మనిషికి, పాట తన ఇంట్లోనే ఎప్పుడో సగమైపోయిందని తెలిసింది. అమ్మని అడిగుంటే మొదటి రోజే తెలిసేది. అడగాలని ఆయనకి తోచలేదు. నాకు ఆయన మీద జాలేసింది, నాయనమ్మ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో చెప్పలేను.

నెల్లూరు వెళ్ళిన పెద్దాయన తిరిగొచ్చి కొత్త సిస్టమ్‌లో తెలుగు పెట్టారు. గుర్తులన్నీ అక్షరాలైపోయాయి. తాతయ్య మొదటిసారి మౌస్ చేత్తో పట్టుకుని, గీతని ఆఖరి చరణం చివరికి తనే జరుపుకుని, ఆ నాలుగో వరుస ఒంటి వేలితో టైప్ చేశారు. అమ్మని పిలిచి సరిగ్గా ఉందో లేదో చూడమన్నారు. సంవత్సరీకం రోజు ప్రతులు పంచితే, ఆడవాళ్ళలో చాలామందికి ఆ వరుస ముందే వచ్చు. మగవాళ్ళలో ఒక్కరికీ రాదు.

అమ్మ ఆ వరుస పాడిన ఆదివారమే, మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు తాతయ్య కంచంలో చెయ్యి పెట్టకుండా, "నువ్వు తిన్నావామ్మా?" అని అమ్మని అడిగారు. అలా అడిగించుకోవడం అలవాటు లేని అమ్మ గరిటె పట్టుకుని అనుమానంగా చూసి, "ఏం మామయ్యగారూ, ఏమైంది?" అంది.

ఇప్పుడు నేను ఆ దగ్గర్లోనే వైశాలిలో ఉంటున్నాను. పోయిన నెల మా ఆఫీసులో మళ్ళీ సిస్టమ్ మార్చారు. ఎక్కడివి అక్కడ లేవు, అడగనివి మీదపడి వస్తున్నాయి, నేను తలుచుకున్నది దానికి ముందే ఎలా తెలుస్తోందో నాకు తెలియదు. "మమ్మా, కభీ తో ట్రస్ట్ కరో నా" అని, ఒక్కసారైనా నమ్మి చూడమంటూ మా అమ్మాయి విసుక్కుంటుంది. నేను నమ్మను. కాకపోతే నాకు కంఠతా వచ్చనుకున్నవాటిని అంతకన్నా తక్కువ నమ్ముతాను. నాకు తెలిసిందల్లా హాల్లో కూర్చుని విన్నదేనేమో అనిపిస్తుంది. అందుకే ఏదైనా తేడా కనబడితే ముందు ఎవర్ని అడగలేదో ఆలోచిస్తాను. నాది ఆడిట్ ఉద్యోగం కాదు గానీ, ఒక్క తనిఖీ మాత్రం ఏ పూటా మానలేదు. కంచాల ముందు అందరూ కూర్చున్నాక, ఇంకా తినకుండా నిలబడి ఉన్నదెవరో చూసి గానీ ముద్ద కలపను.