రంప కొండల్లో నా ఈత

పెళ్లయిన కొత్తలో, ఎనభైల్లో, మా ఆవిడను యానాం నుంచి రంప కొండలకు తీసుకెళ్లాను. అడవిలో మడుగు దాకా నడిచినంతసేపూ, గౌతమిని ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదిన కథలే చెప్పాను. వెళ్లగానే తాటిచెట్టు లోతు నీళ్లలోకి దూకాను.

నిజానికి నీళ్లు నడుము దాకానే. దూకలేదు, జారిపడ్డాను. నాకు ఈత రాదు. మా ఆవిడే జుట్టు పట్టుకుని లేపింది.

"నిలబడండి చాలు, మునగరు!" అని ఒకటే నవ్వు.

ఇంట్లో చెప్పొద్దని తిరుగుదారంతా బతిమాలాను. తను నవ్వుకుంటూనే నడిచింది. గుమ్మంలోనే అమ్మ అడిగింది: "ఏమ్మా, ఈడు నీళ్లలో దిగేడా?"

"దిగడమేంటండి అత్తయ్యగారూ! ఆ కొస నుంచి ఈ కొసకి ఈదుతూనే ఉన్నారు. నేనే బయటికి రమ్మన్నాను."

నీళ్లంటే నేను పారిపోతానని తెలిసిన అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సరిపోయారు! నీకు తగ్గ పెళ్లామే దొరికిందిరా!"