రేపల్లెలో విన్న కొత్త క్యాసెట్టు

తొంభైల మధ్యలో ఒక ఆదివారం నేను బాపట్ల నుంచి తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళాను. చేతిలో ఉన్నది ఒక క్యాసెట్టే గాని, అసలు కారణం భాస్కర్. కాలేజీ హాస్టల్లో మేమిద్దరం ఒక అమెరికా బ్యాండును పిచ్చిగా వినేవాళ్ళం. గిటార్లు ఉన్నట్టుండి ఆగిపోయి మళ్ళీ విరుచుకుపడేవి. పాడేవాడు గొంతు చించుకుని అరిచేవాడు. ఆ సంగీతాన్ని పోస్ట్ హార్డ్‌కోర్ అంటారని చాలా కాలానికి గాని తెలియలేదు. ఆ ఊపులో వాడు గిటారు, నేను డ్రమ్స్ మొదలుపెట్టాం. తీరా కాలేజీ వార్షికోత్సవానికి వారం ముందు, పరీక్షలున్నాయని చెప్పి నేను రిహార్సల్‌కు వెళ్ళడం మానేశాను. వార్షికోత్సవం రోజు వాడు ఒక్కడే స్టేజి ఎక్కి, సగం పాటకే దిగిపోయాడు. తర్వాత ఏడాదిన్నర మా మధ్య మాటల్లేవు. చదువయ్యాక వాడు సొంతూరు రేపల్లె వెళ్ళిపోయాడు, నేను బాపట్లలోనే ఉద్యోగంలో చేరాను. ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చిందని పత్రికలో చదివినప్పుడు, వాడి తలుపు తట్టడానికి ఒక వంక దొరికిందనిపించింది.

ఉదయం ఏడింటి పాసింజరు ఎక్కితే ఎనిమిది దాటాక తెనాలిలో దిగాను. స్టేషన్ దగ్గరి క్యాసెట్ల షాపాయనకు ముందే చెప్పి ఉంచాను.

"వచ్చిందండి మీ అరుపుల క్యాసెట్టు. మద్రాసులో మా బావమరిది రికార్డు చేసి పంపాడు" అంటూ ఒక నిమిషం వినిపించాడు. మెల్లని గిటారు, మెత్తని గొంతు.

"అరవట్లేదేంటండి?" అన్నాడు ఆయనే.

"ముందు ముందు అరుస్తాడులెండి" అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

రేపల్లె పాసింజరు పది గంటలకు కదిలింది. టిక్కెట్టు కాఫీ, టిఫిన్‌ల ఖర్చంత కూడా లేదు. జంపని, వేమూరు, భట్టిప్రోలు దాటుతూ గంటకు పైగా నెమ్మదిగా సాగే దారి, రెండు వైపులా వరి. నేను మాత్రం ఆ పచ్చదనాన్ని సరిగ్గా చూడలేదు. తలుపు తీయగానే ఏం అనాలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

స్టేషన్ బయట రిక్షా ఎక్కి, గిటారు వాయించే భాస్కర్ ఇల్లని గుర్తు చెప్పాను. "తెలుసు బాబూ. ఈ మధ్య ఆ వాయింపు వినపడట్లేదండి" అన్నాడు రిక్షా అతను.

తలుపు తీసింది భాస్కర్ వాళ్ళ అక్క. "నువ్వా తమ్ముడూ, లోపలికి రా" అంది. భాస్కర్ గదిలోంచి వచ్చి, నా వైపు, క్యాసెట్టు వైపు చూశాడు. దాన్ని తీసుకుని టేపురికార్డర్లో పెట్టాడు. ఒకటి, రెండు, మూడు పాటలు అయ్యాయి.

"బాగుంది" అన్నాను.

"ఊఁ, బాగానే ఉంది" అన్నాడు.

అక్క పెసరట్లు తెచ్చి ఒక్క క్షణం ఆగి వింది. "ఇతను ఇదివరకు అరిచేవాడు కదరా? ఇప్పుడేంటి, ఎవరో కూర్చోబెట్టి పాడించినట్టుంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక భాస్కర్ టేపు ఆపాడు. "నిజం చెప్పు. నచ్చిందా?"

"లేదురా."

"నాకూ లేదు." వాడే మళ్ళీ అన్నాడు, "ఆ రోజు కూడా ఇలాగే చెప్పి ఉండాల్సింది. రానంటే సరిపోయేది. పరీక్షలన్నావు."

"భయమేసింది. నువ్వు బాగా వాయించేవాడివి. అందరి ముందు తాళం తప్పుతానని, నీ పరువు కూడా పోతుందని..."

"నా పరువు అలా కూడా పోయిందిగా."

"తప్పు నాదేరా" అన్నాను. వాడు పెసరట్ల పళ్ళెం నా వైపు జరిపి, "తిను, చల్లారిపోతోంది" అన్నాడు.

రెండో వైపూ విన్నాం. అదీ అంతే. ప్రతి పాటలో ఏం చెడిందో వాదించుకుంటూ మూడు గంటలు గడిపాం. గిటారు ఎక్కడ విరుచుకుపడాలో చూపించడానికి వాడు అల్మారా మీది గిటారు దించాడు. ఒక తీగ లేదు. ఉన్నవాటితోనే వాయించాడు.

మేం మళ్ళీ కలిసి స్టేజి ఎక్కలేదు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. ఆ ఆల్బమ్ మంచిదని ఈ రోజుకీ అనలేను, కానీ ఆ బ్యాండు మీద కోపం పోయింది. అరవాలని లేనప్పుడు కూడా అరుస్తూ ఉంటే అదీ అబద్ధమే అయ్యేదేమో. ఆ ఆల్బమ్ నచ్చినట్టు మేమిద్దరం కాసేపు నటించి, నటించలేక మానేశాం. నాకు అదే మేలైంది.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట. రేపల్లెలో దిగగానే తిరుగు బండి వేళ కనుక్కోండి. నేను కనుక్కోలేదు, సాయంత్రం బండి తప్పిపోయి చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల చేరాను. మాట తెగిన మనిషిని చూడబోతున్నట్టయితే మాత్రం, ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకండి.