ఖాళీ జేసినంక తాళం మార్చాలె

మా అమ్మకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు. కానీ కెర్నల్ గురించి నాకు తెలిసినవాటిలో అతి ముఖ్యమైన సంగతి ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఉప్పల్‌లో మా ఇంటి వెనక రెండు గదుల పోర్షన్ ఉండేది. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు అద్దెకు దిగేవారు. ఒకసారి, ఖాళీ చేసి నారపల్లి వెళ్లిపోయిన మనిషి ఒకాయన కుక్కర్ మరిచిపోయానని తిరిగొచ్చి, జేబులో ఉన్న పాత తాళంచెవితో తలుపు తీసి నేరుగా వంటింట్లోకి నడిచాడు. అప్పటికే ఆ ఇంట్లో కొత్త కాపురం దిగి మూడు రోజులైంది. ఆయన దొంగ కాడు పాపం, కానీ ఆ ఇల్లాలు పెట్టిన కేకకు వాడకట్టంతా కూడింది. ఇంతా చేసి ఆయన పట్టుకుపోయిన కుక్కర్ ఆయనది కాదని సాయంత్రానికి తేలింది. ఆ రోజు నుంచి ఎవరు ఖాళీ చేసినా అమ్మ ముందు తాళం మార్చేది, తర్వాతే గది ఊడ్చేది.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. పల్లెల్లోని పాలకేంద్రాల కోసం డబ్బాలు తయారుచేసేవాళ్లం. పాల ట్యాంకు ఎంత చల్లగా ఉందో డబ్బా కనిపెట్టి చూడాలి, వేడెక్కితే మోగాలి. దాని లోపలి సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండేది కెర్నల్. మెమరీలో ఎవరికి ఏ చోటు ఇవ్వాలో, ఎవరి దగ్గర వెనక్కి తీసుకోవాలో దాని పెత్తనమే. ట్యాంకు నుంచి వచ్చే వైరుతో మాట్లాడే డ్రైవర్ కూడా అందులోనే కలిసి నడుస్తుంది. ఆ డ్రైవర్ నేను రాశాను. వైరు పీకితే అది తను వాడుకున్న చోటును ఖాళీ చేస్తుంది, కెర్నల్ ఆ చోటును ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కానీ పాత చిరునామా డ్రైవర్ దగ్గరే మిగిలిపోతే అది మళ్లీ అక్కడికే పోయి పరాయి సామాను ముట్టుకుంటుంది. అందుకే ఖాళీ చేసిన మరుక్షణం ఆ చిరునామాను సున్నా చేసే లైను ఒకటి రాశాను. దాని పైన, ఇంగ్లీషు అక్షరాలతోనే, మా అమ్మ మాటను, చదివేవాళ్లకే తప్ప యంత్రానికి పట్టని కామెంట్‌గా పెట్టాను: ఖాళీ జేసినంక తాళం మార్చాలె.

మా టీమ్ లీడ్‌కు ఆ మాట గిట్టలేదు. అసలు నా నోట్లోంచి ఏ మాట వచ్చినా గిట్టేది కాదు. నేను "ఏంది సార్" అంటే, "ఏందంట" అని గదిలో అందరికీ వినబడేలా తిరిగి అనేవాడు. బయట ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్‌లు నడుస్తున్న రోజులవి. ఆయన ప్రాంతం వాళ్లే ఇద్దరు నా పక్కన కూర్చుని, నా టిఫిన్ డబ్బాలోంచి తీసుకుని తినేవాళ్లు, వాళ్లది నాకు పెట్టేవాళ్లు. వాళ్లకు లేని రోగం ఈయనకెందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు కోడ్ రాసినా కాగితం మీద ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఆ మార్పులన్నీ తనే తన లాగిన్ నుంచి ఎక్కించేవాడు. తర్వాత చూస్తే ఎవరు ఏం మార్చారో తేలేది కాదు, అంతా ఆయన పేరు మీదే ఉండేది. నా డ్రైవర్ బాగా నడిచినన్నాళ్లు ఫైలు మొదట్లో నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. పోనీలే అనుకున్నాను.

తర్వాత ఒక పాలకేంద్రంలో ఎలుక కొరికిన వైరును పీకి కొత్తది పెట్టారు. డబ్బా బిగుసుకుపోయింది, మోగలేదు. తెల్లారేసరికి ట్యాంకెడు పాలు విరిగిపోయాయి. మా కంపెనీ యజమాని, మేం పెద్దసార్ అనేవాళ్లం, సైనిక్‌పురి నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. లీడ్ ఆయన ముందు ఫైలు తెరిచాడు. మొదట్లో నా పేరు మళ్లీ ప్రత్యక్షమైంది. "డ్రైవర్ ఈ అమ్మాయిదే సార్. ఈమె మాట తీరు చూస్తేనే తెలియడం లేదూ, ఎంత శ్రద్ధగా రాసిందో" అన్నాడు.

నన్ను కింద ప్యాకింగ్‌కు పంపించారు. స్టిక్కర్ అంటించడం, పాత కాగితాల్లో చుట్టడం, అట్టపెట్టెలో పెట్టడం. కెర్నల్ పని తెలిసిన పిల్ల అని నాకు ఒక పేరు ఉండేది. పట్నంలో నేను సంపాదించుకున్నది అదొక్కటే, దాన్ని ఊడబెరికి ఇంకొకడి తప్పు నా నెత్తిన రుద్దారు. ఒంటికి కారం పూసినట్టు మండేది.

చుట్టడానికి పైనుంచి వచ్చే కాగితాలు పాత కోడ్ ప్రింట్లే. రెండో వారంలో ఒక కాగితం నలపబోతూ ఆగిపోయాను. అది నా డ్రైవరే. అమ్మ మాట మీద ఎర్రగీత. ఆ గీత అక్కడితో ఆగకుండా కిందికి దిగి, చిరునామాను సున్నా చేసే లైనును కూడా కొట్టేసింది. పక్కన ఆయన చేతిరాత: ఇది కోడా, బతుకమ్మ పాటా?

నా మాటను ఎగతాళి చేయబోయి ఈ మనిషి తాళం కూడా తీసి పారేశాడు. అప్పుడే పైకి వెళ్లి ఆ కాగితం ఆయన మొహాన కొట్టొచ్చు. కొట్టలేదు. పొరపాటంటాడు, సారీ అంటాడు, మరునాటికి మరిచిపోతాడు. నాకు సారీ అక్కర్లేదు. పదిమందిలో ఆయన తల కొట్టేసినట్టు కావాలి.

ప్యాకింగ్‌లో పక్కన పడేసిన డబ్బా ఒకటి తీసుకుని, రోజూ అన్నం తినే గంటలో దాని మీద పని మొదలుపెట్టాను. ఆ లోపం వల్ల డబ్బా బిగుసుకుపోవడం ఒక్కటే కాదు, ఇంకా పెద్ద ప్రమాదం ఉందని నాకు తెలుసు. ఖాళీ అయిన చోటులోకి డ్రైవర్ తిరిగి వచ్చేలోపు మనం రాసిన రాత పెట్టగలిగితే, కెర్నల్ దాన్ని తన సొంత రాతే అనుకుని చెప్పినట్టు చేస్తుంది. చూసిపోవడానికి వచ్చిన చుట్టం ఇంటి యజమాని అయిపోతాడు. మూడు నెలలు పట్టింది. చపాతీ ఒక చేత్తో, కీబోర్డు ఇంకో చేత్తో. పని కుదిరిన రోజు నా అంతట నేనే నవ్వుకుంటుంటే, పక్కన టేపు కోస్తున్న అక్క నాకు గాలి సోకిందేమో అని చూసింది.

మధ్యలో ఒక డబ్బా వాపసు వచ్చింది. లోపల చిన్న చీటీ: మల్ల ఆగిపోయింది, పాలు పారబోసినం. చదివి, నిజం చెప్పాలంటే, సంతోషపడ్డాను. లీడ్ చేసిన పాపం ఇంకొంచెం పండిందనుకున్నాను. డబ్బా తుడిచి, కొత్త స్టిక్కర్ వేసి తిరిగి పంపించాను. చీటీ నా బ్యాగులో వేసుకున్నాను.

అనుకున్న రోజు రానే వచ్చింది. పాలకేంద్రాల వాళ్లు ఇంకా ఎక్కువ డబ్బాలు తీసుకోవడానికి ముందు పరీక్ష చూస్తామని వచ్చారు. నేను డబ్బాలు మోసుకుని పైగదికి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. లీడ్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. మామూలు లాగిన్ ఎవరికిచ్చినా రీడింగ్ చూడగలరే తప్ప లోపల వేలు పెట్టలేరని చెప్పాడు. వచ్చినవాళ్లలో ఒకాయన ప్రయత్నించి చూడొచ్చా అని అడిగాడు. లీడ్ నవ్వి నా వైపు చెయ్యి చూపించాడు. "తప్పకుండా. కావాలంటే మా ప్యాకింగ్ వాళ్లు కూడా ప్రయత్నించొచ్చు."

దేవుడున్నాడనిపించింది. వెళ్లి కూర్చున్నాను. మామూలు లాగిన్‌తోనే లోపలికి వెళ్లి, పెన్‌డ్రైవ్‌లోంచి నా ప్రోగ్రాం ఎక్కించాను. వైరు పీకాను, మళ్లీ పెట్టాను. డబ్బా మొత్తం నా చేతికి వచ్చేసింది. గోడ మీది తెర నల్లబడి, ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ఖాళీ జేసినంక తాళం మార్చాలె.

ఇదేమిటని పెద్దసార్ అడిగాడు. నేను ప్యాంటు జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కొట్టేసిన లైను మీద వేలు పెట్టి, పక్కనున్న ఎర్రరాతను పైకి చదివాడు. నెమ్మదిగా, ఒక్కో మాట. లీడ్ మొహం చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. "జర నీళ్లు దాగుండ్రి సార్" అని గ్లాసు కూడా అందించాను. అంత తీపి నేను ఆ తర్వాత ఎన్నడూ ఎరగను. ఆయన ఆ నెలలోనే వెళ్లిపోయాడు. నా కుర్చీ నాకు వచ్చింది, ఫైలు మొదట్లో నా పేరూ వచ్చింది.

పరీక్ష జరిగిన రోజు సాయంత్రం ఆటోలో కూర్చోబుద్ధి కాక, నాచారం నుంచి సగం దూరం నడిచే వచ్చాను. ఇంటికొచ్చేసరికి వెనక పోర్షన్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. అమ్మ స్క్రూడ్రైవర్ పట్టుకుని గడప మీద కూర్చుని తాళం మారుస్తోంది. ఆమె మాట తెర మీద ఎలా పడిందో, ఆయన ఎలా చెమటలు కక్కాడో మొత్తం చెప్పాను. అమ్మ నవ్వింది. మంచిగైందన్నది. తర్వాత, మర తిప్పుతూనే అడిగింది.

"గా సంగతి నీకెప్పుడెర్కైంది?"

"మూడు నెల్లైతుందమ్మా."

స్క్రూడ్రైవర్ ఆగింది. "ఎర్కైనంక గూడ మూడు నెల్లు తాళం మార్చకుంట కూసున్నవా?"

"ఆయన సంగతి జూడాలె గదనే."

"ఆయన సంగతి సరే బిడ్డా. పాలు పోసినోళ్లు నీకేం జేసిన్రు?"

అమ్మ మర బిగించి, తాళం రెండుసార్లు వేసి తీసి చూసి లోపలికి వెళ్లింది.

మరునాడు పొద్దున్నే పెద్దసార్ దగ్గర కేంద్రాల లిస్టు అడిగి తీసుకున్నాను. బస్సుల్లో తిరిగి, ఒక్కో డబ్బా మూత తెరిచి, ఆ ఒక్క లైను తిరిగి ఎక్కించాను. చీటీ పంపిన కేంద్రంలో క్యాన్లు కడుగుతున్న ఆమె నాకు గ్లాసెడు పాలు కాచి ఇచ్చింది. ఎవరో పొరపాటు జేసిన్రంట గద అన్నది. అవునన్నాను.

ఆ లీడ్ మీద నాకు ఇవాళ్టికీ జాలి లేదు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ అలాగే చేస్తాను. ఆయన రాసిన కాగితం ఎంతమందికి చూపించానో లెక్కలేదు. బ్యాగులో ఉన్న ఆ చీటీని మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చూపించలేదు.