కేబుల్ పెట్టకుండానే పలికిన మీటరు

దయ్యాల గురించి ఆలోచించే తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. బీసెంట్ రోడ్డులో మాది గాజుల కొట్టు. కంటితో చూసి, చేత్తో పట్టుకుని, బేరమాడి తెచ్చుకున్నదే సరుకు, మిగతాదంతా గాలి కబురు అనుకుంటూ పెరిగాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలనే ఉంది.

కొలిచే పరికరాలను కంప్యూటరుకి కలిపి, వాటంతట అవే కొలిచేలా ప్రోగ్రాం రాసివ్వడం నా పని. ఈ పరికరాలకి ఒక ఉమ్మడి భాష ఉంది. ఏ కంపెనీదైనా ముందు ఒకటే ప్రశ్న పంపుతాం, నువ్వెవరు అని. మా వైపు కొత్త మనిషిని "మీరెవరి తాలూకండీ" అని అడుగుతాం చూడండి, అలాగన్నమాట. కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆ వరుసలోనే జవాబు రావాలి.

కంకిపాడు దగ్గర సుభద్ర గారికి పొలం మోటార్ల స్టార్టర్లకు బోర్డులు చేసే చిన్న యూనిట్ ఉంది. భర్త పోయాక ఆవిడే నడుపుతున్నారు. బోర్డుల్లో కరెంటు కొలవడానికి ఆయన వాడిన పాత మీటరునే కంప్యూటరుకి కలపమన్నారు.

"ఆయన చెయ్యి పడ్డ వస్తువండీ. కుదరదంటే చెప్పండి, తీసేస్తాను."

నేను కుదరదని చెప్పడానికే వెళ్లాను. కొత్త మీటరు అమ్మితే నాకు కమిషన్.

వట్టి మాట నమ్మరని, చూపిద్దామనుకున్నాను. మీటరు ఆన్ చేసి, కేబుల్ ఒక కొస లాప్‌టాప్‌కి పెట్టాను. రెండో కొస మీటరు వెనకాల పెట్టినట్టు నటించి, తగిలించకుండా వదిలేశాను. బేరంలో మొహం మారకుండా ఉంచుకోవడం నాకు చిన్నప్పుడే వచ్చిన విద్య.

ప్రశ్న పంపాను. ఏమీ రాలేదు. పాతది కదండీ, దీనికి భాష రాదు అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సరే, తీసేద్దాం లెండి అన్నారు.

అప్పుడు పడింది తెర మీద. కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, వెర్షన్.

ఆవిడ మీటరు తిప్పి వెనక అంటించిన నంబరు చదివారు. అదే. తిప్పినప్పుడే, బల్ల అంచున వేలాడుతున్న కేబుల్ కొస కూడా చూశారు.

"పెట్టకుండానే పలికిందండీ," అన్నారు నెమ్మదిగా. "పెడితే ఇంకా బాగా పలుకుతుందేమో, పెట్టి చూడండి."

గొంతులో వెటకారం లేదు. ఉంటే ఏదో ఒకటి అనేసి తప్పించుకునేవాణ్ణి. పెట్టాను. అదే జవాబు వచ్చింది. ఆ మీటరు ఇప్పటికీ ఆ బల్ల మీదే పనిచేస్తోంది.

అందులో వైర్‌లెస్ లాంటిదేమీ లేదు, అంత పాతది. అంతకుముందు నా లాప్‌టాప్‌కి దాన్ని ఎప్పుడూ కలపలేదు, పాత జవాబేదో మిగిలిపోయిందనుకోడానికీ లేదు. ఈ పనిలోనే ఉన్న స్నేహితుల్ని అడిగాను. కేబుల్ ఎక్కడో తగిలే ఉంటుంది లేరా అని నవ్వారు.

తగల్లేదు. అంత ఖాయంగా ఎలా చెబుతున్నావని అడిగితే మాత్రం, తగిలే ఉంటుందిలే అని నేనూ నవ్వేశాను. అది ఎలా పలికిందో నాకింకా తెలీదు. తగల్లేదని చెప్పడానికి నా దగ్గరున్న ఒక్క సాక్ష్యం నేను చేసిన మోసమే.