ఒకవేళ గారి జనరేటర్

మా వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎదుట పడితే "సార్" అంటాం. గేటు దాటి నాలుగడుగులు వేయగానే ఆయన ఒకవేళ గారు అయిపోతారు.

ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎవరు కొత్త స్కూటరు కొన్నా అందరికంటే ముందు వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును బొటనవేలితో నొక్కి, "బావుంది. ఒకవేళ మలుపు దగ్గర ఇసక ఉందనుకోండి..." అని ఆగేవారు. ఆయన ప్రతిభంతా ఆ ఆగడంలోనే ఉండేది. మిగతా వాక్యం బండి కొన్నవాడే పూర్తి చేసుకుని, మర్నాడు పిలిచి మరీ సంతకం పెట్టేవాడు. కొత్తింట్లో దిగినవాళ్ళని పలకరించడానికి వెళితే ఆయన చూపు పైకప్పు మీద ఉండేది. పసిబిడ్డని చూడ్డానికి వెళితే బిడ్డని వదిలేసి తండ్రి వంక జాలిగా చూసేవారు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, భార్య, భార్య తల్లి. భార్య ముందుగదిలో ఓ పక్క కుట్టుమిషన్ వేసుకుని ఆఫీసులకీ ఆస్పత్రులకీ కర్టెన్లు కుట్టేది. అదే గదిలో రెండో పక్క ఒకవేళ గారి పడక్కుర్చీ. వచ్చినవాళ్ళని భయపెట్టే పనంతా అందులో కూర్చునే జరిగేది. అత్తగారిది వెనకగది. ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు. ఆ లోటు నోరు తీర్చేది.

ఆ ఏడు మా వీధిలో కరెంటు తీగలు మార్చారు. ఆ పని జరిగినన్నాళ్ళూ సాయంత్రాలు కరెంటు పోయేది. అరగంట, మహా అయితే గంట. జనం అరుగుల మీదికొచ్చి కూర్చుని, కరెంటువాళ్ళని కాసేపు, లేనివాళ్ళని కాసేపు ఆడిపోసుకునేవారు. అంతలో కరెంటు వచ్చేది. నిజం చెప్పాలంటే కొందరికి అది వచ్చినందుకే విసుగ్గా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒకవేళ గారి పక్కింటి ఫోటోగ్రాఫర్ ఓ పెట్రోలు జనరేటర్ తెచ్చి పెట్టాడు. దాని మోతకి పిల్లలు చెవులు మూసుకునేవారు. అయినా వీధంతా చీకట్లో ఉండగా అతని కిటికీలు మాత్రం ధగధగా వెలిగేవి. ఆ వెలుతురు గోడ దాటొచ్చి ఒకవేళ గారి ముందుగదిలో పడేది. తన ఇంట్లో చీకటిని ఆయన ఎలాగో ఓర్చుకున్నారు గాని, పక్కింటి వెలుగు ఓర్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

"మనం కూడా జనరేటర్ కొనాలి" అన్నారు భార్యతో.

"అరగంట ఆగితే వచ్చేదానికి జనరేటర్ ఎందుకండీ?"

"ఒకవేళ రాకపోతే?"

"రోజూ వస్తూనే ఉందిగా."

"అదే నా భయం. రోజూ వచ్చేది ఏదో ఒకరోజు మానేస్తుంది."

వెనకగదిలోంచి అత్తగారి గొంతు వినపడింది. "ఏదో ఒకటి మానేయాల్సి వస్తే ముందు మీ ఉపన్యాసం మానేస్తే బావుండు, అల్లుడుగారూ."

పెట్రోలు జనరేటర్‌ని ఆయన మొదటిరోజే కొట్టిపారేశారు. అది పక్కింట్లో ఉంది కాబట్టి. కారణాలు తర్వాత తీరిగ్గా వెతుక్కున్నారు. అవి నిజమైన కారణాలే కావడం ఆయన అదృష్టం. పెట్రోలు నెలల తరబడి నిలవుంటే పాడవుతుంది, ఇంజన్లో జిగురు కడుతుంది. ప్రొపేన్ గ్యాసుకి ఆ బాధ లేదు. సిలిండర్లో ఎన్నాళ్ళున్నా అలాగే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, కాసేపు వాడుకునే ఇంటికి అదే నయం. ఈ సంగతి తెలిసిన రోజునుంచి ఆయన చేతికి చిక్కినవాడు పాఠం వినకుండా తప్పించుకోలేదు. ఓసారి మంగలి షాపులో సగం గడ్డంతో కుర్చీ లోంచి లేచి మరీ చెప్పారు.

అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది పొగ గురించి. అప్పుడు గొంతు తగ్గించేవారు. "గ్యాసైనా పెట్రోలైనా ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందండీ. రంగుండదు, వాసనుండదు. మనిషికి తెలియకుండానే పని కానిచ్చేస్తుంది. అందుకే ఆరుబయట, తలుపులకీ కిటికీలకీ దూరంగా పెట్టాలి. ఒకవేళ దగ్గర పెట్టారనుకోండి..."

జనరేటర్ ఇంకా కొననే లేదు, దాని పేరు చెప్పి పాలసీలు మాత్రం బాగానే అమ్ముకున్నారు.

చివరికి ఓ రోజు భార్యని తీసుకుని షాపుకి వెళ్ళారు. సేల్స్‌మన్ ఆవిడనే అడిగాడు. "కరెంటు పోతే ఏమేం నడవాలి మేడమ్?"

"ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు, నా కుట్టుమిషన్. అంతే."

"ఎంతసేపు?"

"అరగంట. ఎప్పుడైనా గంట."

"అయితే ఇది చాలు" అని మూలనున్న చిన్నదాన్ని చూపించాడు. పైన పట్టుకోవడానికి పిడి ఉంది. ఓ మాదిరి సూట్‌కేసంత ఉంటుంది. "ఫ్రిజ్జు ఆన్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం కరెంటు ఎక్కువ లాగుతుంది. అది కూడా తట్టుకుంటుంది. చిన్న సిలిండర్ సరిపోతుంది. మోత తక్కువ. మీరే ఎత్తుకెళ్ళి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు."

ఆవిడ పిడి పట్టుకుని ఎత్తి చూసింది. "తేలిగ్గానే ఉంది. ఇది తీసుకుందామండీ."

అప్పుడు సేల్స్‌మన్ ఒకవేళ గారి మొహం చూశాడు. పెళ్ళిభోజనానికి పిలిచి మంచినీళ్ళిచ్చి పంపేస్తున్నట్టుంది ఆ మొహం. అతను కూడా వ్యాపారస్తుడే. వెంటనే గొంతు తగ్గించాడు.

"కాకపోతే సార్... ఒకవేళ..."

ఇన్నేళ్ళుగా ఆ మాట అనడమే తప్ప ఇంకొకరి నోట వినని మనిషి, ఒక్కసారిగా కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఒకవేళ?"

"ఒకవేళ ఫ్రిజ్జూ, నీళ్ళ మోటారూ, ఏసీ ఒకేసారి ఆన్ అయ్యాయనుకోండి..." అని అతను ఆగాడు.

"మనకి ఏసీ లేదండీ" అంది భార్య.

"ఒకవేళ కొంటే?" అన్నారు మగాళ్ళిద్దరూ ఒక్కసారే.

ఆ సాయంత్రం ఓ వ్యాను మా వీధిలోకి వచ్చింది. అందులో ఎర్రరంగు జనరేటర్, కింద చక్రాలు, పక్కన నిలువెత్తు సిలిండర్. పోర్టబుల్ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఎవరు మోయాలో మాత్రం రాయలేదు. చక్రాలు గేటు దాకా వచ్చి, మెట్లు చూసి మొరాయించాయి. వ్యాను డ్రైవరు, ఫోటోగ్రాఫర్, నేను తలో చెయ్యీ వేసి వెనక వరండాలోకి చేర్చాం. ఒకవేళ గారు ముందు నడుస్తూ "జాగ్రత్త, జాగ్రత్త" అనే బరువైన బాధ్యత మోశారు. ఫోటోగ్రాఫర్‌కి నడుం పట్టేసింది. పాపం మంచమెక్కిన మనిషిని ఒకవేళ గారు మర్యాదగా పలకరించడానికి వెళ్ళి, ఇలాంటి నొప్పులకి కూడా వర్తించే మంచి పాలసీ ఒకటుందని చెప్పి వచ్చారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వెనక వరండా గోడకి స్విచ్ బిగించాడు. అటు తిప్పితే బయటి కరెంటు, ఇటు తిప్పితే జనరేటర్. ఇక కరెంటు పోవడమే తరువాయి.

పోలేదు. కొత్త తీగలు బిగించడం అయిపోయింది. మా వీధిలో కరెంటు అనేది పోవడమే మానేసింది. ఒకవేళ గారు సాయంత్రమైతే బల్బు వంక ఆశగా చూస్తూ కూర్చునేవారు. ఎప్పుడైనా అది మిణుక్కుమంటే వరండాలోకి పరిగెత్తేవారు. ఆయన అక్కడికి చేరేలోగా అది నిబ్బరంగా వెలుగుతూ ఉండేది. ఓ రోజు లైన్‌మన్‌ని వీధిలో ఆపి అడిగారు.

"మళ్ళీ ఎప్పుడు తీస్తారు?"

"ఎందుకు తీయడం సార్? మీకోసమేగా బాగుచేసింది."

"అలా అని అసలు తీయకుండా ఉంటారా?"

లైన్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంతలో నడుం బాగైన ఫోటోగ్రాఫర్ గోడమీంచి తొంగిచూసి, "సార్, మీ జనరేటర్ మోత అస్సలు వినపడట్లేదే! అంత మంచిదా?" అన్నాడు.

ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. మర్నాడే ఒకవేళ గారు వీధంతా తిరిగి, ఆదివారం సాయంత్రం తమ ఇంటికి రమ్మని అందరినీ పిలిచారు. కరెంటు తనంతట తాను పోకపోతే తానే తీసేసి, జనరేటర్ అంటే ఏమిటో చూపిస్తారట.

ఆదివారం వాన పడింది. జనరేటర్‌ని పెరట్లోకి దింపాలంటే మళ్ళీ మనుషులు కావాలి. ఆయన దాన్ని వెనక వరండాలోనే ఉంచేశారు. ఆ వరండాకి మూడువైపులా గోడలే. ఒక గోడకి అత్తగారి గది కిటికీ.

"బయట పెట్టాలని ఊరంతా మీరే చెప్పారుగా?" అంది భార్య.

"వానలో తడిస్తే పాడవుతుంది. పది నిమిషాల పనికి ఎవరికేమవుతుంది?"

ఇదే మాట తన దగ్గరికొచ్చినవాడు అనుంటే, వాడి చేత సంతకం పెట్టించేదాకా ఆయన వదిలేవారు కారు.

మేం పది పన్నెండు మందిమి ముందుగదిలో కిక్కిరిసి కూర్చున్నాం. ఆయన మెయిన్ ఆపారు. ఇల్లు చీకటైంది. వెనకనుంచి ఓ గర్జన. ఆ వెంటనే లైట్లు, ఫ్యాన్లు, టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్కసారిగా లేచాయి. మేం చప్పట్లు కొట్టాం. ఫోటోగ్రాఫర్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా. ఒకవేళ గారు పడక్కుర్చీ పక్కన నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. పది నిమిషాలన్నది అరగంట దాటింది.

భార్య తన తల్లికి మంచినీళ్ళివ్వడానికి వెనకగదిలోకి వెళ్ళింది. ముసలావిడ మంచం అంచున తల పట్టుకుని కూర్చునుంది. వాంతి చేసుకుంది. "గదంతా తిరుగుతోందే" అంది. కూతురు ఆవిడ చెయ్యి భుజం మీద వేసుకుని, మా మధ్యలోంచి ఈడ్చుకొస్తూ అరిచింది. "ఆపండి దాన్ని! ఆపండి!"

మిక్సీ మోతలో ఒకవేళ గారికి సగమే వినపడింది. "ఏం పెట్టమంటావు? గ్రైండరా?" అన్నారు ఉత్సాహంగా.

ఫోటోగ్రాఫర్ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తి సిలిండర్ కట్టేశాడు. ఉపన్యాసం చీకట్లో కలిసిపోయింది.

ఆస్పత్రిలో ముసలావిడకి మూతికి గొట్టం తగిలించి ఆక్సిజన్ పెట్టారు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని ఆగాడు. మొదటిసారి ఒకవేళ గారు తల దించుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ ఒక్క క్షణం ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు.

కాస్త తేరుకున్నాక అత్తగారు గొట్టం పక్కకి లాగి అడిగింది. "అల్లుడుగారూ, నా పేరుమీద ఏదైనా పాలసీ తీశారా?"

నర్సు గోడవైపు తిరిగిపోయింది.

"లేదండీ అత్తయ్యగారూ" అన్నారాయన వినయంగా. "మీ వయసుకి ఇవ్వరు."

ఆ తర్వాత చాలా రోజులు భార్య ఆయనతో మాట్లాడలేదు. ఆయనతో చెప్పకుండానే వ్యాను పిలిపించి జనరేటర్‌ని షాపుకి తోలించింది. సేల్స్‌మన్ చేతులు నలుపుకుంటూ, "ఒకవేళ మేడమ్..." అని ఏదో అనబోయాడు.

"ఆ మాట అనడానికి మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. ఆయనతోనే వేగలేకపోతున్నా. ఆ చిన్నది తీయండి."

దాంతోపాటు పొడుగాటి వైరు, ఆ విషవాయువు ఇంట్లోకి వస్తే కీచుమని అరిచే అలారం కూడా కొంది. అలారాన్ని తల్లికి దగ్గర్లో తగిలించింది. పెరటి చివర, ఇంటికి దూరంగా నాలుగు కర్రలు పాతి పైన రేకు వేయించింది. చుట్టూ గోడలేం లేవు. పొగగొట్టం ఇంటికి వీపు పెట్టి ఉండేలా జనరేటర్‌ని ఆవిడే ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టుకుంది.

వానాకాలంలో ఓ సాయంత్రం పెనుగాలికి కొమ్మ విరిగి కొత్త తీగల మీద పడింది. వీధంతా చీకటి. ఆవిడ గొడుగేసుకుని పెరట్లోకి వెళ్ళి, తాడు లాగి, వెనక్కి వచ్చి మిషన్ ముందు కూర్చుంది. ఆస్పత్రివాళ్ళకి ఇవ్వాల్సిన కర్టెన్లు కుడుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. వాన చప్పుడుకి జనరేటర్ చప్పుడు పెద్దగా తెలియనే లేదు. ఫోటోగ్రాఫర్ తన దాన్ని ఆపేసి ఆ వింత చూడ్డానికి వచ్చాడు.

"ఇది భలే ఉంది సార్" అన్నాడు.

"చిన్నదే తీసుకోమని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను" అన్నారు ఒకవేళ గారు. "జనం వినరు."

కుట్టుమిషన్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆయన ఆ మాట అన్నది గుమ్మం బయట నిలబడి. లోపల ఆయనకి చోటు లేదు. ఆస్పత్రినుంచి వచ్చినరోజే అత్తగారు ఇక వెనకగదిలో పడుకోనని చెప్పేసి, ముందుగదిలో పడక్కుర్చీ ఆక్రమించింది. ఆయన వ్యాపారం వీధి అరుగు మీదికి మారింది. ఇప్పుడు ఎవరైనా గేటు తీస్తే ముసలావిడ లోపలినుంచే కేకేస్తుంది.

"పాలసీ అయితే అక్కడే కూర్చోండి. కర్టెన్లయితే లోపలికి రండి."