ఫారర్ సాబ్ కూడా కమ్మరే

ఇంటిపేరులో ఏముందిలే అని మా పిల్లలు నవ్వుతుంటారు. ఒక మనిషి బతుకుతెరువు ఇంటిపేరు వల్లే పోబోయి, దానివల్లే నిలిచింది. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో కట్టడం పనికి చేరాను. నా పేరు కమ్మరి రాజయ్య. అదే రోజు కమ్మరి లింగయ్య అనే ఆయన చేరాడు. మాది జగిత్యాల దిక్కు, ఆయనది నిర్మల్. పాస్‌పోర్టుల్లో ఇద్దరి పేర్ల ముందూ ఒకే ఇంటిపేరు చూశాడు కంపెనీ క్లర్కు.

"దోనో కమ్మరీ? భాయ్ హో?" అని, ఇద్దరం అన్నదమ్ములమా అన్నట్టు అడిగాడు. కాదన్నాం. ఒకే ఇంటిపేరుండి ఒకే ఇంటివాళ్ళు కాకపోతే ఒకడిది దొంగ పాస్‌పోర్టేనని, నా వెనక నిలబడ్డ లింగయ్యను తిప్పి పంపేస్తామన్నాడు.

"రాజన్నా, నన్ను వాపస్ తోలుతరట! నువ్వే ఏమన్న చెప్పు!" అని లింగయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే ఇంగ్లీషు ఇంజనీరు ఫారర్ సాబ్ వచ్చాడు. క్లర్కు ఆయన్ను పేరుతో పలకరించగానే, మా ఊరి లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిన ఇంగ్లీషు ఇంటిపేర్ల పుస్తకం గుర్తొచ్చింది. వచ్చిన ఇంగ్లీషులో అందుకున్నాను.

"సార్, కమ్మరి అంటే ఇనుము పని చేసేవాడు. ఊరూరా ఉంటారు, అందరూ అన్నదమ్ములు కారు. ఫారర్ అన్నా అదే అర్థం. ఫ్రాన్సు నుంచి ఇంగ్లండు వచ్చిన పేరు. మీరూ కమ్మరే!"

సాబ్ పెద్దగా నవ్వాడు. "మా తాతా ఇదే చెప్పేవాడు. మా దేశంలో ఫారర్లు ఎందరో. వాళ్ళంతా నా తమ్ముళ్ళా?" అని క్లర్కును అడిగి, లింగయ్యతో చెయ్యి కలిపాడు. క్లర్కు లింగయ్య పేరు కూడా పనివాళ్ళ పట్టీలో ఎక్కించాడు.

"సాబ్ మనోడేనా? గా ముచ్చట ముందే చెప్తే అయిపోవు గదనే!" అన్నాడు లింగయ్య, నేను సంగతంతా తెలుగులో చెప్పగానే.

అంత పెద్ద పుస్తకాన్ని నమ్మి నా చేతికిచ్చిన లైబ్రేరియన్ గంగారాం సార్‌కు, నా వచ్చీరాని ఇంగ్లీషును ఓపికగా విన్న ఫారర్ సాబ్‌కు, ఆ రోజు నుంచి నాకు నిజంగానే అన్న అయిన లింగయ్యకు దండాలు.